తాళం తీసింది నేనే... ఇప్పుడు ఎవరికి చెప్పాలి?

ఒక జిల్లా జైల్లో వార్డరుగా పనిచేస్తున్న పాఠకురాలు రాసిన పొడవైన ఉత్తరం ఇది. ఊరు, పేర్లు, గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఆమెకి ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. పనిచేసేది మగ ఖైదీల జైలే. దానిలో ఒక మూల గోడ కట్టి ఆడవాళ్ల బ్యారక్ చేశారు. అక్కడ గంజాయి కేసులో రిమాండులో ఉన్న ఒక అమ్మాయి ఉంది. ఇరవై మూడేళ్లుంటాయి. ఏజెన్సీ నుంచి బస్సులో సంచి తీసుకొస్తూ దొరికిపోయింది. సంచి ఇచ్చినవాడు దొరకలేదు. ఊరు దూరం కాబట్టి ములాఖత్‌కి ఎవరూ రారు. మనియార్డరు పంపేవాళ్లూ లేరు. పది దాకా చదువుకుంది కదా, రికార్డు రాయడానికి పనికొస్తుందని ఒక డిప్యూటీ జైలర్ ఆమెని ఆఫీసుకి పిలిపించడం మొదలుపెట్టాడు. మొదట్లో పగలు పిలిచేవాడు. తర్వాత సాయంత్రం లాకప్ అయ్యాక, అంటే ఖైదీల్ని లోపల పెట్టి తాళం వేశాక కూడా పిలుస్తున్నాడు. "ఆ అమ్మాయిని పంపు" అని కబురొస్తుంది, ఈమె తాళం తీస్తుంది. ఒకసారి పుస్తకంలో టైం రాయబోతే "అవన్నీ అక్కర్లేదు" అన్నాడట. వరండాలో కెమెరా చాలా రోజులుగా రిపేరులో ఉంది.

ఆ అమ్మాయి తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఒక్కోసారి షాంపూ ప్యాకెట్లు, బిస్కెట్లు ఉంటాయి. మిగతావాళ్లు మూతులు తిప్పుకుంటారు. మొన్నొక రోజు బట్టలు ఆరేస్తూ, తల తిప్పకుండానే అడిగిందట: "అక్కా, టెన్షన్ వల్ల నెలసరి ఆగిపోతుందా?" ఈమె గుచ్చి గుచ్చి అడిగితే ఏడ్చింది. "సార్ మంచోడే అక్కా. లాయర్ని మాట్లాడి బెయిల్ ఇప్పిస్తానన్నాడు. నేనేం వద్దనలేదు. నీ కాళ్లు మొక్కుతా, ఎవరికీ చెప్పకు" అంది.

సీనియర్ హెడ్ వార్డర్‌కి చూచాయగా చెబితే, "ఆ పిల్లే సార్‌ని బుట్టలో వేసుకుంది. నువ్వు కొత్త, నీ డ్యూటీ నువ్వు చూసుకో" అంది. ఇంట్లో భర్త, "లోను ఈఎంఐలున్నాయి, పెద్దవాళ్లతో మనకెందుకు" అంటున్నాడు. సూపరింటెండెంట్‌కీ ఆ అధికారికీ మంచి స్నేహం. పాఠకురాలి ప్రశ్నలు మూడు: ఆ అమ్మాయే ఇష్టపడిందంటుంటే అది నేరమవుతుందా? చెప్పొద్దని బతిమాలినా నేను చెప్పొచ్చా? తాళం తీసింది నేనే కాబట్టి నా మీదకి వస్తుందా?

సమాధానం

మీ మొదటి ప్రశ్నకి చట్టంలో సూటిగానే జవాబుంది. జైలు సిబ్బందిలో ఒకరు అక్కడి ఖైదీపై అత్యాచారం చేస్తే భారతీయ న్యాయ సంహిత 64(2) సెక్షన్ కింద కనీసం పదేళ్ల కఠిన జైలు, గరిష్ఠంగా జీవితాంతం జైలు. సంబంధం జరిగిందని రుజువై, తాను ఒప్పుకోలేదని ఆమె కోర్టులో చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలి. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అతనిది. మరి "నేనేం వద్దనలేదు" అంటోంది కదా అంటారు. దానికి 68వ సెక్షన్ ఉంది. జైల్లో అధికారం ఉన్న మనిషి ఆ అధికారాన్ని వాడుకుని తన అదుపులో ఉన్న స్త్రీని లొంగదీసుకుంటే, అది అత్యాచారం కిందికి రాకపోయినా నేరమే. అయిదు నుంచి పదేళ్ల శిక్ష. సూపరింటెండెంట్ ఒక్కడికే కాదు, ఖైదీల మీద అధికారం చలాయించే ఏ పోస్టులో ఉన్నవాడికైనా ఇది వర్తిస్తుంది. అంటే ఆ అమ్మాయి ఏ మాట చెప్పినా అతనికి తప్పించుకునే దారి ఉండకూడదనే ఈ రెండు సెక్షన్లూ పెట్టారు.

ఇవి ఊరికే రాలేదు. 1972లో మహారాష్ట్రలో మథుర అనే ఆదివాసీ బాలికపై పోలీస్ స్టేషన్‌లోనే అత్యాచారం జరిగితే, ఒంటి మీద గాయాలు లేవు, అరవలేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనని 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసుల్నీ వదిలేసింది. అదే ఏడాది హైదరాబాద్‌ నల్లకుంట స్టేషన్‌లో రమీజాబీపై అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని అట్టుడికించాయి. ఆమె నడవడిక మంచిది కాదని నిరూపించడానికి అప్పుడెంత శ్రమపడ్డారో పాతవాళ్లకి గుర్తుంటుంది. మీ హెడ్ వార్డర్ అన్న "బుట్టలో వేసుకుంది" అన్న మాట అప్పటినుంచీ వింటున్నదే. ఆ రెండు కేసుల మీద లేచిన ఆందోళన వల్లే 1983లో చట్టం మారి, కస్టడీలో జరిగే నేరాన్ని విడిగా చూడటం మొదలైంది.

చట్టం సంగతి అలా ఉంచి, ఆ అమ్మాయి వైపు నుంచి ఒకసారి చూడండి. ఫోన్ మాట్లాడనివ్వాలా, ఆస్పత్రికి పంపాలా, ఏ పనిలో వేయాలా, ఎవరి పక్కన పడుకోబెట్టాలా, ఇవన్నీ అతని చేతిలో ఉన్నాయి. బయట ఎవరూ లేని మనిషికి పది రూపాయల షాంపూ కూడా అతని దయే. అలాంటప్పుడు "వద్దనలేదు" అంటే అర్థం, వద్దనే స్థితిలో లేదని. ఆమె అమాయకంగా మోసపోయిందనీ అనుకోవక్కర్లేదు. బెయిల్ కోసం తనకి తోచిన లెక్క తాను వేసుకుని ఉండొచ్చు. అంతమాత్రాన అతని నేరం తగ్గదు. ఆమెని మందలించొద్దు, "ముందే నాకు చెప్పాల్సింది" అని కూడా అనొద్దు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఆమె ఆరోగ్యం. నెలసరి తప్పిందంటే రోజులు లెక్కే. జైలు డాక్టరుకి చూపించాలని, ఆడ డాక్టరు కావాలని ఆమె అడగొచ్చు, అవసరమైతే ప్రభుత్వాసుపత్రికి పంపమనొచ్చు. గర్భమైతే ఉంచుకోవాలా వద్దా అన్నది పూర్తిగా ఆమె నిర్ణయం. మేజర్ కాబట్టి ఇంకెవరి సంతకమూ అక్కర్లేదు. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయంతో, అత్యాచార బాధితులకైతే 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో తీయించుకోవచ్చని 2021లో సవరించిన చట్టం చెబుతోంది. ఉంచుకుంటానంటే అదీ ఆమె హక్కే. జైల్లో తల్లి దగ్గర ఆరేళ్ల వరకు బిడ్డని ఉంచుకోవడానికి సుప్రీంకోర్టు 2006లోనే మార్గదర్శకాలిచ్చింది.

ఇక్కడొక ప్రమాదం ఉంది. విషయం పొక్కుతుందనిపిస్తే ఎవరో ఒకరు మెడికల్ షాపు నుంచి మాత్రలు తెచ్చి గుట్టుగా మింగించేస్తారు. రక్తస్రావం ఆగకపోతే ప్రాణం మీదకొస్తుంది. పైగా డీఎన్ఏ అనే గట్టి సాక్ష్యం పోతుంది. ఆస్పత్రిలో తీయించుకుంటే, కేసు పెట్టి ఉంటే, డాక్టర్లు ఆ నమూనా భద్రపరుస్తారు. ఎవరు ఏ మాత్ర ఇచ్చినా మింగొద్దని ఈరోజే ఆమెకి చెప్పండి. మిగతావన్నీ రెండు రోజులు ఆగినా ఫర్వాలేదు, ఇది మాత్రం ఆగకూడదు. వైద్య పరీక్షకి ఆమె ఒప్పుకోలు తప్పనిసరి. లైంగిక అనుభవం ఉందో లేదో చూస్తామంటూ చేసే 'రెండు వేళ్ల పరీక్ష' చేయకూడదని 2022లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఈ మాట కూడా ఆమెకి తెలియాలి, చాలామంది ఆ భయంతోనే ఆస్పత్రి అంటే వణుకుతారు.

మీ రెండో ప్రశ్న కష్టమైంది. చెప్పొద్దని కాళ్లు పట్టుకున్న మనిషి మాట కాదని చెప్పొచ్చా? నా ఉద్దేశంలో మీరు రెండు విషయాల్ని కలిపేసుకుంటున్నారు. ఆమె శరీరానికి ఏం జరిగింది, ఎవరికి చెప్పుకోవాలి, పరీక్ష చేయించుకోవాలా, వాంగ్మూలం ఇవ్వాలా అన్నవి ఆమెవి. లాకప్ తర్వాత ఒక మహిళా ఖైదీని ఎంట్రీ లేకుండా, ఆడ సిబ్బంది తోడు లేకుండా మగ అధికారి గదికి పంపుతున్నారన్నది మీరు కళ్లారా చూసిన విషయం. అది చెప్పడానికి ఆమె అనుమతి అక్కర్లేదు. 1894 నాటి ప్రిజన్స్ యాక్ట్ కూడా మహిళా ఖైదీల తనిఖీ ఆడవాళ్లే చేయాలంది. మగ సిబ్బంది మహిళా విభాగంలోకి రావాలంటే ఆడ ఉద్యోగి వెంట ఉండాలని 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్ చెబుతోంది.

కాబట్టి ఆమెకి గోప్యత మాట ఇవ్వకండి, ఇచ్చి తప్పకండి. ఎవరూ లేనప్పుడు ఇంత మాత్రం చెప్పండి: "నేను చూసింది నేను దాచలేను. నీ గురించి ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో నువ్వే చెప్పు. నువ్వు అడగనిదే నీ మాటలు ఎక్కడా రాయను." ఆమె మళ్లీ వద్దనొచ్చు. కోపం తెచ్చుకుని అతనికే చెప్పేయనూవచ్చు. అందుకే ఈ మాట మాట్లాడిన రోజుకీ మీరు బయట అడుగు వేసే రోజుకీ మధ్య ఎడం ఉండకూడదు.

ఆ అడుగు ఎటు వేయాలి? సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా ఇవ్వడం మొదటి దారి. నియమం ప్రకారం సరైనదే. కానీ మీరు చెప్పిన స్నేహం చూస్తే, మర్నాటికల్లా మీ డ్యూటీ మారి, కెమెరా దానంతటదే బాగైపోయి, ఆ అమ్మాయి ఏమీ జరగలేదని సంతకం పెట్టేసే అవకాశమే ఎక్కువ. అమెరికాలో కాలిఫోర్నియాలోని డబ్లిన్ మహిళా జైలు సంగతి చూడండి. ఖైదీలపై లైంగిక నేరాలు చేశాడని 2022 డిసెంబరులో దోషిగా తేలింది ఆ జైలు వార్డెనే, అంటే అందరికంటే పై అధికారి. లైంగిక వేధింపుల నివారణ మీద సిబ్బందికి శిక్షణ ఇచ్చిన మనిషీ అతనే. అక్కడ లోపలి ఫిర్యాదు ఎవరి దగ్గరికి వెళ్లేదో వేరే చెప్పాలా? శాఖలోని అంతర్గత కమిటీ గురించి కూడా నా అభిప్రాయం ఇదే. ఉండొచ్చు, అదొక్కటే చాలదు.

రెండో దారి ఉచిత న్యాయ సహాయం అందించే జిల్లా న్యాయసేవాధికార సంస్థ. నేనైతే దీన్నే ముందు చూస్తాను. దాని కార్యదర్శి న్యాయాధికారి. జైళ్లకి వెళ్లి ఖైదీలతో మాట్లాడటం ఆ ఉద్యోగంలో భాగం కాబట్టి, వచ్చినప్పుడు ఎవరికీ అనుమానం రాదు. ఆ అమ్మాయిని ఒంటరిగా కలవొచ్చు. మహిళా లాయర్ని పెట్టొచ్చు. గేటు పుస్తకం, లాకప్ రిజిస్టరు, కెమెరా రికార్డింగులు భద్రపరచమని కోర్టు ద్వారా అడిగించొచ్చు. ఆఖరిది చాలా ముఖ్యం, ఎందుకంటే పాత ఫుటేజీ మీద కొత్తది వచ్చి పడిపోతుంది. ఈ దారిలో ఇబ్బంది లేకపోలేదు. సంస్థ తానే దర్యాప్తు చేయలేదు, పోలీసుల దాకా వెళ్లాల్సిందే. కార్యదర్శి చురుగ్గా లేకపోతే రోజులు గడిచిపోతాయి. 15100కి ఫోన్ చేసినా న్యాయ సహాయం దొరుకుతుంది గానీ, మీ విషయంలో నేరుగా వెళ్లడమే మేలు.

మూడోది నేరుగా పోలీసులు. ఏ స్టేషన్‌లోనైనా, పరిధి తమది కాకపోయినా, జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. ఆమె వాంగ్మూలం మహిళా పోలీసు అధికారే తీసుకోవాలి. మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం వీలైనంత వరకు మహిళా మేజిస్ట్రేటే రాయాలి. ఈ నేరాల్లో ప్రభుత్వ ఉద్యోగి మీద కేసు నడపడానికి ప్రభుత్వ అనుమతి అవసరం లేదు. కోర్టు కస్టడీలో ఉన్న స్త్రీపై అత్యాచారం జరిగిందన్న ఆరోపణ వస్తే, పోలీసు దర్యాప్తుతో పాటు మేజిస్ట్రేట్ విచారణ కూడా జరపాలని నాగరిక్ సురక్షా సంహిత 196వ సెక్షన్ చెబుతోంది. కస్టడీలో అత్యాచారం జరిగితే 24 గంటల్లో తమకి తెలియజేయాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993లోనే జిల్లా అధికారులందరికీ చెప్పింది. ఇదంతా వేగంగా కదిలే దారి, అంతే వేగంగా మీ పేరూ బయటపడుతుంది. ఆ అమ్మాయి సిద్ధంగా లేకుండా ఎఫ్ఐఆర్ పడితే, ఆమె భయపడి మాట మార్చేస్తే, కేసు మొదట్లోనే నీరుగారిపోతుంది.

ఇంకో దారి ఆమె చేతిలోనే ఉంది. రిమాండ్ పొడిగింపుకి మేజిస్ట్రేట్ ముందుకు వెళ్లినప్పుడు చెప్పొచ్చు. వీడియోలో హాజరు పరిచేటప్పుడు పక్కనే జైలు సిబ్బంది నిలబడి ఉంటారు, అక్కడ నోరు పెగలదు. నేరుగా హాజరుపరచమని లాయరు చేత అడిగించాలి. హైకోర్టుకి ఉత్తరం రాయడం కూడా ఉత్త మాట కాదు. తీహార్ జైల్లో తోటి ఖైదీని వార్డర్ హింసించాడని సునీల్ బాత్రా అనే ఖైదీ రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుని 1979లో తీర్పిచ్చింది. బొంబాయిలో మహిళా ఖైదీల మీద కస్టడీలో జరిగిన హింస గురించి పాత్రికేయురాలు షీలా బర్సే రాసిన ఉత్తరం 1983 తీర్పుకి దారితీసింది. బాధపడిన మనిషే రాయాలన్న నియమం లేదు.

మీడియా, వాట్సాప్ గ్రూపుల జోలికి మాత్రం పోవద్దు. బాధితురాలి గుర్తింపు బయటపెడితే మీ మీదే కేసు అవుతుంది. లోపలికి ఫోన్ తీసుకెళ్లి రిజిస్టర్ ఫొటోలు తీసే ఆలోచన ఉంటే మానుకోండి. మిమ్మల్ని సస్పెండ్ చేయడానికి మీరే కారణం చేతికిచ్చినట్టవుతుంది.

ఇవేవీ చేయకుండా ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవడం కూడా ఒక దారే. మీ భర్త కోరుకునేది బహుశా అదే. దాన్ని నేను తప్పుపట్టను. కానీ మీరు వెళ్తే ఆ తాళాలు హెడ్ వార్డర్ చేతికి వెళ్తాయి. రేపు విషయం బయటపడితే, అప్పటిదాకా తలుపు తీసిన డ్యూటీ పేర్లలో మీదీ ఉంటుంది, చెప్పినవాళ్ల పేర్లలో ఉండదు.

ఇక్కడే మీ మూడో ప్రశ్న వస్తుంది. మీ మీదకి వస్తుందా? ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. తెలియక, పై అధికారి ఆదేశం మీద తాళం తీయడం ఒకటి. నెలసరి మాట విన్న తర్వాత కూడా తీయడం ఇంకొకటి. రెండో దాన్ని నేరానికి సాయం కింద చూసే వీలుంది. కాబట్టి ఇకపై కబురొస్తే, "సార్, లాకప్ తర్వాత తీయాలంటే రాతపూర్వక ఆర్డర్ కావాలి. పుస్తకంలో రాసి నేను కూడా వెంట వస్తాను" అనండి. గొంతు పెంచకుండా ఇంతే అనండి. మెమో రావచ్చు, డ్యూటీ మార్చొచ్చు. మార్చారంటే ఆ బ్యారక్‌లో ఆమెకున్న ఒక్క మనిషీ పోయినట్టే. కాబట్టి ఈ మాట అనే సందర్భం రాకముందే మీ ఉత్తరం న్యాయాధికారికి చేరి ఉండాలి. జరిగినవన్నీ తేదీలు, టైములతో ఇంట్లో ఒక నోట్‌బుక్కులో ఇప్పుడే రాసుకోండి. గుర్తులేని తేదీని ఊహించి రాయొద్దు. మహిళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, అంటే మీకు కూడా. ఆ అమ్మాయి లాయరూ మీ లాయరూ ఒకరే కాకుండా చూసుకోండి. రేపు ఇద్దరి ప్రయోజనాలూ ఒకటి కాకపోవచ్చు.

తప్పు బయటపెట్టినవాళ్ల రక్షణకని 2014లో పార్లమెంటు చట్టం చేసింది గానీ అమల్లోకి తేలేదు. ఈ విషయంలో మీకు ధైర్యం చెప్పడానికి నా దగ్గర గొప్ప మాటలేం లేవు. సుప్రీంకోర్టు ఆమోదించిన 2018 సాక్షుల రక్షణ పథకం ఉంది. మీరూ ఆ అమ్మాయీ ఇద్దరూ దానికి దరఖాస్తు చేసుకోవచ్చు, జిల్లా జడ్జి నేతృత్వంలోని కమిటీ చూస్తుంది. మీ భర్తకి ఈ సెక్షన్లు చెప్పి ఒప్పించే ప్రయత్నం చేయకండి. చెప్పకపోతే ఉద్యోగానికి ఏమవుతుందో, చెబితే ఏమవుతుందో రెండూ కాగితం మీద పక్కపక్కన రాసి చూపించండి. ఆయన భయం ఈఎంఐ గురించి కాబట్టి లెక్క కూడా అక్కడినుంచే మొదలవ్వాలి.

ఫిర్యాదు తర్వాత ఆ అమ్మాయి పరిస్థితి ఏంటన్నది మీరు అడగలేదు, నేను చెప్పాలి. అధికారిని కదపకుండా ఆమెనే "భద్రత కోసం" ఒంటరి గదిలోకో వేరే జైలుకో మార్చేస్తారు. డబ్లిన్‌లోనూ అంతే, 2024 ఏప్రిల్‌లో ఆ జైలే మూసేసి వందలమంది మహిళల్ని దూరదూరాలకి తరలించారు. నష్టపరిహారం కింద వందమందికి పైగా మహిళలకి దాదాపు 11.6 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకుంది ఆ తర్వాతే. మన దగ్గర చంచల్‌గూడ, రాజమహేంద్రవరం, కడప మహిళా జైళ్లున్నాయి. అక్కడికి మారితే ఈ అధికారి నీడ ఉండదు. కానీ కేసు నడిచే కోర్టు దూరమవుతుంది. కావాలో వద్దో లాయరు ద్వారా ఆమే చెప్పాలి. ఆడ సిబ్బంది ఉంటే చాలు అన్నీ సవ్యంగా ఉంటాయనీ అనుకోకండి. 2017లో ముంబై బైకుల్లా మహిళా జైల్లో ఒక ఖైదీని కొట్టి చంపారన్న కేసులో అరెస్టయిన ఆరుగురు సిబ్బందీ ఆడవాళ్లే. ఆ కేసు నమోదైంది కూడా తోటి ఖైదీలు నోరు విప్పబట్టే. మూతులు తిప్పుకుంటున్న మీ బ్యారక్ ఆడవాళ్లలో రేపటి సాక్షులు ఉండొచ్చు, వాళ్లతో గొడవ పెట్టుకోకండి.

అసలు అతను ఆమెని పట్టుకున్న తాడు బెయిల్. దాన్ని తెంపితే సగం పని అయినట్టే. ఆమె దగ్గర దొరికిన గంజాయి ఎన్ని కిలోలో చార్జిషీటులోనో రిమాండ్ రిపోర్టులోనో ఉంటుంది. 20 కిలోల లోపైతే మాదకద్రవ్యాల (ఎన్డీపీఎస్) చట్టంలోని 37వ సెక్షన్ కఠిన షరతులు బెయిల్‌కి అడ్డురావు. న్యాయసేవాధికార సంస్థ లాయరు ఉచితంగా పిటిషన్ వేస్తారు. ఆ పని ఫిర్యాదుతో ముడిపెట్టకుండా విడిగా, వెంటనే నడవాలి. బెయిల్ ఇప్పించేవాడు ఆ సార్ ఒక్కడే కాదని తెలిస్తే ఆమె మాటలో మార్పు వస్తుందని నా నమ్మకం.

కార్యదర్శికి రాసే ఉత్తరం ఒక పేజీ దాటొద్దు. ఏ తేదీల్లో, లాకప్ అయ్యాక ఎన్ని గంటలకి, ఎవరి ఆదేశం మీద తలుపు తీశారో, పుస్తకంలో రాయొద్దన్నది ఎవరో, కెమెరా ఎప్పటినుంచి పనిచేయడం లేదో రాయండి. ఆ అమ్మాయి అనుమతిస్తే వైద్య అవసరం ఉందన్న ఒక్క వాక్యం చేర్చండి. మీరు అనుకున్నవి, విన్నవి రాయొద్దు. వీక్లీ ఆఫ్ రోజున, యూనిఫాం లేకుండా, జిల్లా కోర్టు ఆవరణలో ఉండే ఆఫీసుకి వెళ్లి కార్యదర్శి చేతికే ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. ఆ కాపీ మాత్రం ఇంట్లో పెట్టకుండా మీకు నమ్మకమున్న ఇంకొకరి దగ్గర ఉంచండి.